నీ ఫొటోకి పట్టిన మసి

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైందని నిన్న సాయంత్రం అన్నయ్య బొల్లారం ఇంట్లో ప్రార్థన పెట్టించాడు. చలిగా ఉందని, దొరలనాటి ఫైర్‌ప్లేస్‌లో కట్టెలకు బదులు నువ్వు పెట్టించిన గ్యాస్ మంట వెలిగించాడు. వెలిగించడం ఒక్కటే వచ్చు మహానుభావుడికి.

ఏటా చలికాలం ముందు నువ్వు గ్యాస్ కట్టేసి, బర్నర్ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో సాలెగూళ్ళూ దుమ్మూ దులిపేవాడివి. మంట నీలంగా వచ్చేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడివి కాదు. నిన్న అది పసుప్పచ్చగా, పొగలు కక్కుతూ లేచింది.

"చూడండి, అచ్చం కట్టెల మంటలా ఎంత బ్యూటిఫుల్‌గా ఉందో! నాన్నకి ఒక్కసారన్నా ఇట్లా వచ్చిందా?" అన్నాడు నీ పుత్రరత్నం, వచ్చినవాళ్ళందరి ముందు. పైగా చలిగాలి వస్తోందని కిటికీలు మూయించాడు. పాస్టర్‌గారు దగ్గుతూనే ప్రార్థించారు. జనం కళ్ళు తుడుచుకుంటుంటే, నీ కోసం ఏడుస్తున్నారనుకుని పొంగిపోయాడు.

నేను లేచి గ్యాస్ కట్టేసి కిటికీలు తెరిచాను.

"ప్రేయర్ మధ్యలో ఏందే ఈ గోల?" అని కసిరాడు.

"జనం ఊపిరాడక చస్తున్నారు, కళ్ళు తెరిచి చూడు" అన్నాను.

అందరూ వెళ్ళాక, బర్నర్ చల్లారనిచ్చి, నీ టూత్‌బ్రష్ వెతికి శుభ్రం చేశాను. మంట నీలంగా వచ్చింది. "ఉన్న అందమంతా పోగొట్టావ్" అన్నాడు అన్నయ్య.

ఫైర్‌ప్లేస్ పైన గోడమీద నీ ఫొటో చూపించి, "పాతబడి నల్లగా అయింది, కొత్తది చేయించాలి" అంది వదిన. అద్దం తుడిచి, మసి అంటిన ఆ గుడ్డ ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాను.

బర్నర్ శుభ్రం చేసిన రోజు నీ వేళ్ళకుండే వాసనే ఇవాళ నా వేళ్ళకుంది. చేతులు ఇంకా కడుక్కోలేదు.