ఉప్పు తగిలిన సున్నం

కెజాయా అక్కకు,

నా వంకర రాత, తప్పులు చూసి నవ్వకు. రెండేళ్ల బడి చదువు ఇంతే.

శిక్షపడి ఓడలో సిడ్నీకి వచ్చిన మా ఆయన చర్చి కడుతున్నారని నీకు తెలుసు. గోపురం మీదకి గంట ఎక్కిన రోజునే విడుదల పత్రం ఇస్తామని కచేరీవాళ్లు మాటిచ్చారు. ఇక్కడ సున్నపురాయి దొరకదు కనుక ఆల్చిప్పలు కాల్చి సున్నం చేస్తాం. సముద్రపు ఉప్పు పోయేలా ముందు మంచినీళ్లతో మూడుసార్లు కడగాలి. ఆ పని చూసేది నేనే. గోపురం త్వరగా లేవాలన్న ఆత్రంతో ఒక్కసారే కడిగించి బట్టీకి పంపేశాను.

సోమవారం ఆయన గోడను నాలుకతో రుచి చూశారు. "ఉప్పు! పదేళ్లకు రాలిపోతుంది," అని తన చేత్తోనే కూలగొట్టారు. తప్పు బట్టీ కాల్చే ఫీలన్‌దేననుకుని కచేరీవాళ్లు అతనికి యాభై కొరడా దెబ్బలన్నారు. ఏడుస్తూ ఆయనకు నిజం చెప్పాను.

"నీ జావలో పడని ఉప్పంతా ఇక్కడ పడిందన్నమాట," అని నవ్వారు.

"కచేరీలో నేనే చెప్తానండీ."

"నోర్ముయ్ పిచ్చిదానా. ఆడవాళ్ల జైల్లో పెడతారు."

తప్పు తనదేనని ఆయనే చెప్పుకున్నారు. ఫీలన్ బయటపడ్డాడు. విడుదల మరో నాలుగేళ్లకు పోయింది.

ఆయనేమో ఈల వేసుకుంటూ మళ్లీ మొదటి వరుస పేరుస్తున్నారు. ఆ తాపీ లాక్కుని సముద్రంలోకి విసరాలనిపిస్తోంది. తిట్టినా బాగుండేది.

ఈస్టరుకు మీ పక్క పొలంలోకి కాపురానికి రాలేమని నాన్నకు చెప్పు. ఎందుకో చెప్పకు. చదవగానే దీన్ని పొయ్యిలో వేసెయ్. ఎవరి చేతికైనా చిక్కిందంటే ఆయన ఆడిన అబద్ధం కూడా దండగైపోతుంది.

నీ చెల్లెలు