బర్మామైన్స్ రెఫరీ

బర్మామైన్స్, జమ్‌షెడ్‌పూర్

ప్రియమైన బావా,

ఫోన్లో చెప్దామంటే మన రెండు గదుల్లో అత్త చెవిన పడకుండా ఏ మాటా దాగదు. అందుకే కాయితం మీద రాత్తన్నాను. నాను ఫుట్‌బాల్ రెఫరీ పరీక్ష పాసైపోయాను! వచ్చే ఆదివారం గోల్‌మురి గ్రౌండులో కాలనీ కప్పు ఫైనలుకి నన్నే వేశారు. కమిటీ సీతారామరావు గారు మాత్రం, "మేడమ్, మీరు చీర కట్టుకొచ్చి ప్రైజులందియ్యండి, విజిలు మావోళ్లెవరో ఊదుతారు" అన్నారు. "ప్రైజులు మీరందియ్యండి, విజిలు నాను ఊత్తాను" అన్నాను. అత్తకి ఇంకా చెప్పనేదు.

నీ బెట్సీ

*

ఒడిశా సైటు నుంచి

బంగారం లాంటి బెట్సీకి,

పాసయ్యావని మెస్సులో అందరికీ జిలేబీ పంచాను. నువ్వు పాఠాలు చెప్పే స్కూల్లో పిల్లల మ్యాచీలకి విజిలు ఊదు, నాకేటీ అభ్యంతరం నేదు, పర్మిషన్ ఇచ్చేసినట్టే. కానీ ఇరవై ఇద్దరు మగోళ్ల మధ్య నిక్కరేసుకుని పరిగెత్తడమేటి? జనం ఏటంటారు? చర్చి నుంచొచ్చాక అమ్మకి అన్నం ఎవరు పెడతారు? ఈ ఒక్కసారికి ఒంట్లో బాగోనేదని చెప్పేయి. నీ మంచికే చెప్తన్నాను.

నీ అగస్టిన్

*

బర్మామైన్స్

ప్రియమైన బావా,

నీ ఉత్తరం చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నాను కబురు చెప్పాను, నువ్వు పర్మిషనిచ్చావు. నువ్వు ఆ సైటుకి వెళ్లేటప్పుడు నన్నడిగావా?

ఆదివారం గ్రౌండుకి వెళ్లాను. ఆట మొదలైన కాసేపటికే దుర్గాప్రసాద్ అనే కుర్రాడు ఫౌల్ చేశాడు. విజిలేత్తే, "భాభీ, ఘర్ జాకే రోటీ బనావో" అన్నాడు. నాను ఇంటికెళ్లి రొట్టెలు చేసుకోవాలంట! గ్రౌండంతా ఒకటే నవ్వు. అయినా ఎల్లో కార్డు తీసి వాడి ముక్కు ముందు పెట్టాను. అంతలో జనంలోంచి కేక: "నీ రోటీ నువ్వు చేసుకోరా! ముందు ఆట ఆడు!" తిరిగి చూత్తే అత్త! చర్చి చీరతోనే వచ్చేసింది. తీగ మీద ఆరేసిన నా నిక్కరు చూసి ఎప్పుడో కనిపెట్టేసిందట.

దారిలో మెచ్చుకుంటాదనుకున్నాను. "రెండో గోలు ఆఫ్‌సైడు. కనపడనేదేటే?" అని ఇల్లు చేరేదాకా తిట్టింది. మావయ్య ఉన్నన్నాళ్లూ ఆయనకి టిఫిను కట్టి మ్యాచికి పంపి, తను రేడియోలో వినేదట. గ్రౌండులో అడుగుపెట్టడం ఇదే మొదలట. వంట మానేసి ఇద్దరం సమోసాలు తిన్నాం.

ఎండకి నల్లబడ్డ నీ బెట్సీ

*

ఒడిశా సైటు నుంచి

ప్రియమైన బెట్సీకి,

నీ ఉత్తరం మెస్సులో పైకి చదివాను. పోలయ్య నా భుజం తట్టి, "ఎంత మంచోడివిరా అగస్టినూ! పెళ్లానికి ఎంత స్వేచ్ఛ ఇచ్చావు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఛాతీ ఉబ్బింది, అంతలోనే సిగ్గేసింది. ఎండలో పరిగెత్తింది నువ్వు. మెప్పు నాకా? "నానివ్వడమేట్రా? నాను ఒద్దన్నా వెళ్లింది" అన్నాను. దానికి ఎవరూ చప్పట్లు కొట్టనేదు.

అమ్మకి ఫోన్ చేసి, "నాన్న నిన్ను మ్యాచికి ఎప్పుడూ తీసుకెళ్లనేదేటమ్మా?" అనడిగాను. "నువ్వు తీసుకెళ్లావేటి?" అంది. ఫోన్ పెట్టేసి తిన్నగా వెళ్లి సెలవు చీటీ రాసిచ్చాను.

సెలవు దొరికింది, శనివారం వత్తన్నాను. పెద్ద స్టేడియంలో మ్యాచికి మూడు టికెట్లు తీశాను. ఆ పూట విజిలు ఊదేది ఇంకెవరో. నువ్వు కూడా మాతో కూచుని, నోరారా రెఫరీని తిట్టొచ్చు.

నీ అగస్టిన్