ఫోటోలోని ఆవు మాది కాదు

జిల్లా పంచాయతీ అధికారి గారికి, కామారెడ్డి.

ఎల్లారెడ్డి మండలం తుమ్మబండ గ్రామ నివాసి మామిండ్ల అనిల, భర్త మల్లేష్, వ్రాసుకొను అర్జీ.

విషయం: మేము కాపురముంటున్న ఇంటిని పశువుల కొట్టమని నమోదు చేసి, ఇంటి నంబరు ఇవ్వకపోగా ఖాళీ చేయమని నోటీసు ఇచ్చుట గురించి.

అయ్యా,

నాకు పెద్దవారి ముందు నోరు పెగలదు. పంచాయతీ ఆఫీసుకు పోయిన ప్రతిసారీ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి తిరిగి వచ్చాను. అందుకని కాగితం మీద మనవి చేసుకుంటున్నాను. కాగితం నా మాట మధ్యలో ఫోను ఎత్తదు.

1. మేము ఇదివరకు రేకుల గదిలో ఉండేవాళ్లం. పోయిన వేసవిలో మా నాలుగేళ్ల పాప సింధూజకు అందులోనే వడదెబ్బ తగిలి, కామారెడ్డి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. "పిల్లను మల్ల రేకుల కింద పండవెట్టకమ్మా" అని డాక్టరమ్మ చెప్పి పంపారు.

2. మా మామగారి నాటి పశువుల కొట్టం కప్పు కూలి పాడుబడి ఉన్నది. మూరెడు మందం మట్టి గోడలు మాత్రం మిగిలాయి. సదరు కొట్టాన్నే ఇల్లు చేసుకున్నాము. నేనూ నా భర్తా మట్టి తొక్కి, గడ్డి, సున్నం, పేడ కలిపి గోడలు మెత్తాము. పైన పెంకులు, వాటి కింద వెదురు తడక వేశాము. వేడిగాలి పోవడానికి గోడల పైభాగాన కంతలు, ఉత్తరాన పెద్ద కిటికీ పెట్టాము. పశువులు మేత తినే గాడిని పూడ్చి అరుగు చేశాము. రెండు బల్బులు, ఒక ఫ్యాను సోలారు పలకతో నడుస్తాయి. మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఫ్యాను వేయకుండానే పాప నిద్రపోతుంది.

3. గృహప్రవేశం రోజున ఆనవాయితీ ప్రకారం ముందుగా ఆవును లోపలికి నడిపించాము. మాకు పశువులు లేవు. ఆ ఆవు మా పక్కింటి పర్శరాములన్నది. అదే సమయానికి ఇంటి నంబరు విచారణకు వచ్చిన పంచాయతీ కార్యదర్శి గారు ఫోటో తీసి, "పశువుల కొట్టం, వాడుకలో ఉన్నది" అని ఆన్‌లైన్‌లో ఎక్కించారు. తరువాత పరమాన్నం తిన్నారు. రెండుసార్లు వేయించుకున్నారు. కొట్టంలో విస్తరి ముందు కూర్చోవడానికి వారికి ఆనాడు అభ్యంతరం లేకపోయింది.

4. నా భర్త పోయి అడిగితే వారు, "ఆన్‌లైన్ల ఆవున్నది మల్లేష్. ఒకసారి ఎక్కినంక నేనెట్ల తోలుత?" అన్నారు.

"గృహప్రవేశానికి ఆవు గాక ఏం వస్తది సార్, లారీ వస్తదా?"

"అయితే ఆవు లేదని పశువుల డాక్టరుతోని రాయించుకరా."

పశువుల డాక్టరు, "లేని ఆవును నేనెట్ల చూస్తనయ్యా? తోలుకరా, చూసి రాస్త" అన్నారు. తోలుకుపోతే ఉన్నదని రాస్తారు. తోలుకుపోకపోతే ఏమీ రాయరు.

5. "నాలుగు రేకులేసి సిమెంటు పూస్తే ఇల్లని రాస్తుండె. పేడ పూసి కూసున్నవు" అని మా అత్త గంగామణి దెప్పుతున్నది. ఆఫీసు వారిదీ అదే మాట. పాపను ఆసుపత్రి పాలు చేసిన గదికి నంబరు ఉన్నది. పాప నిద్రపోయే ఇంటికి లేదు.

6. పశువుల కొట్టంలో మనుషులు ఉండరాదని, నెలాఖరులోగా ఖాళీ చేయనిచో తాళం వేయబడునని ఇప్పుడు నోటీసు ఇచ్చారు. ఎండలు ముదురుతున్నాయి. పిల్లను ఎత్తుకుని మళ్లీ రేకుల కిందికి పొమ్మంటే నేను పోను. తాళం వేసేవారు మమ్మల్ని లోపల ఉంచే వేయాలి. ఇది బెదిరింపు అని రాసుకుంటే రాసుకోండి.

కావున తమరు స్వయంగా వచ్చి, మా గోడకు చెయ్యి ఆనించి చూసి, నోటీసు రద్దు చేయించి, ఇంటి నంబరు ఇప్పించ చిత్తగించవలెను. ఉదయం పూట రావద్దు. ఉదయం అన్ని ఇండ్లూ చల్లగానే ఉంటాయి.

ఇంకను తమ విధేయురాలే,
మామిండ్ల అనిల

తా.క.: నోటీసు ఇవ్వడానికి కార్యదర్శి గారు మిట్టమధ్యాహ్నం వచ్చారు. "జర నీళ్లియ్యమ్మా" అని గాడి అరుగు మీద కూర్చున్నారు. నేను చెంబు తెచ్చేసరికి ఒరిగి గురక పెడుతున్నారు. పొద్దు వాలేదాకా లేవలేదు. లేపడానికి నాకు సిగ్గయింది. ఫోటో తీయడానికి మాత్రం సిగ్గు కాలేదు. జతపరిచాను. అందులో ఆవు లేదు. ఫోటోలో ఎవరుంటే అది వారి కొట్టమని ఎక్కించడమే పద్ధతి అయితే, ఈసారి కార్యదర్శి గారి పేరున ఎక్కించగలరు.