మా దగ్గు రోగం కాదు

చండ్రుగొండ దగ్గరి గూడెం,
జూన్ 2006

ప్రభుత్వ వకీలు మేడం గారికి పిల్ల అమ్మమ్మ రాయిస్తున్న మనవి. పిల్ల పేరు ఎక్కడా బయటపెట్టొద్దని మీరే అన్నారు కాబట్టి ఇందులోనూ పెట్టడం లేదు.

మొన్న కోర్టులో పిల్ల తనకు జరిగిన ఘోరం చెప్పేటప్పుడు జడ్జిగారు తలుపులు మూయించి, మమ్మల్ని వరండాలో ఉండమన్నారు. మంచిదే. కానీ మేం దగ్గుతుంటే బంట్రోతు బయటికొచ్చి, "ఏందమ్మా, గూడెం గూడెమంతా గిట్ల దగ్గుతున్రు? జల్దీ దవాఖానాకు పోండ్రి!" అని అరిచాడు. మా మరిది భద్రయ్యకు దగ్గుమందు కూడా తాగించాడు. రుచి నచ్చి భద్రయ్య ఇంకో మూతెడు అడిగాడు, అది వేరే సంగతి.

మేడం, మాకు ఏ రోగమూ లేదు. తునికాకు కోతకు పోతే పొదల్లో ఒకరికొకరం కనపడం. అందుకే మధ్యమధ్య దగ్గుతాం. నేనిక్కడే ఉన్నా, భయపడకు అని దాని అర్థం. పిల్ల ఆ దగ్గులు వింటూనే పెరిగింది.

వచ్చే వాయిదాలో అవతలి వకీలు పిల్లను ప్రశ్నలు అడుగుతాడట. ఆ రోజు మమ్మల్ని గేటు బయటే ఆపుతానని బంట్రోతు అంటున్నాడు. అక్కడ దగ్గితే లారీల మోతలో పిల్లకేం వినపడుతుంది? అందరం వద్దంటే పోనీ, గట్టిగా దగ్గే భద్రయ్యనొక్కణ్ణయినా వరండాలో ఉండనివ్వమని జడ్జిగారికి చెప్పండి.

మొన్న చెబుతూ చెబుతూ పిల్ల కూడా దగ్గిందని, జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించారని తెలిసింది. ఆ జడ్జమ్మకు మా దండాలు. కానీ పిల్లకు గొంతు ఎండిపోలేదు మేడం. అది మా దగ్గులకు జవాబిచ్చింది.