రాయబారికి సన్మాన పత్రం

శనివారం, లైప్‌జిగ్

తెల్లదొర కనిపిస్తే చాలు, మన తెలుగు సంఘం శాలువా తీస్తుంది. ఇవాళ ఉగాది సభకు ముఖ్య అతిథి రిటైరైన ఓ అమెరికన్ రాయబారి. పెళ్లి ఊరేగింపు మీద తమ సైన్యం బాంబు వేస్తే, చచ్చినవాళ్లంతా ఉగ్రవాదులేనని విలేకరులకు చెప్పి, ఆ తర్వాత పెద్ద పదవికి ఎక్కిన మనిషి. సన్మాన పత్రం నన్నే రాయమన్నారు. రాశాను. పెళ్లికూతురి చావుతో సహా అంతా రాసి, వేదిక మీద గట్టిగా చదివాను. సన్మాన పత్రాన్ని ఎవడు వింటాడు? హాలంతా చప్పట్లు. తెలుగు రాని ఆయన వినయంగా చేతులు జోడించాడు.

భోజనాల దగ్గర మాస్టర్స్ చదివే స్రవంతి, వరంగల్ పిల్ల, పట్టుకుంది. "అంకుల్, ఆ బాంబు ముచ్చట నిజమేనా?"

"అక్షరాలా నిజం."

"గట్లయితే ఆయనకు సమజయ్యేటట్టు ఇంగ్లిష్‌ల చదవొద్దా?"

ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా సామ్రాజ్యవాదాన్ని చీల్చి చెండాడుతున్నవాడిని, నాకు చెబుతుందా! ఇంతలో ఆ ముసలాయనే ఫ్రేము కట్టిన పత్రం పట్టుకొని వచ్చి, ఇందులో ఏం రాశారని నన్ను మర్యాదగా అడిగాడు. స్రవంతి నా మొహంలోకే చూస్తోంది.

"మీ సేవలను పొగిడాం, సార్" అన్నాను.

పొగిడామన్నది పిరికితనం, ఒప్పుకుంటాను. ఆ 'సార్' ఎందుకు వచ్చింది నోటికి...