మల్లయ్య వాటా

శుక్రవారం, మబేలా, మస్కట్

ఆర్నెల్ల కిందట మా ఊరివాళ్ల రూమ్‌లో ఉపన్యాసం దంచింది నేనే. "యూదులు ఏ దేశంలో బతుకుతున్నా ఇజ్రాయెల్ బాండ్లు కొని పూర్వీకుల గడ్డకు అండగా ఉంటారు. మన ఊరి గుట్ట దగ్గర పెట్టే కంకర క్రషర్‌లో మనం వాటాలు కొనలేమా?" అన్నాను. సూపర్‌వైజర్‌ని కదా, నమ్మారు. తాపీమేస్త్రీ మల్లయ్య అందరికంటే ముందు కొన్నాడు.

ఇవాళ సెలవని వాళ్లే భోజనానికి పిలిచారు. వెళ్లేసరికి మల్లయ్య ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. క్రషర్ దుమ్ముకు వాళ్ల మక్కచేను తెల్లబడిందట. లారీలకు అడ్డం కూర్చుందని అతని భార్య మీద కేసు పెట్టారట.

"మా ఆమె మీద కేసు ఎవలు పెట్టిన్రు సార్?"

"కంపెనీ."

"కంపెనీ అంటే ఎవలు?"

"వాటా కొన్నావుగా, నువ్వే!"

రూమంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. మల్లయ్య నా కంచంలో కూర వడ్డిస్తూ మెల్లగా అడిగాడు. "మరి మీరెన్ని కొన్నరు సార్?"

నోట్లో ముక్క ఉన్నట్టు తల ఊపాను.

ఒక్కటీ కొనలేదు. గుట్ట కిందున్న మా చేను మాత్రం, దుమ్ము లేవకముందే ఆ క్రషర్‌వాళ్లకే మంచి రేటుకు అమ్మేశాను.