నూట నలభై కిలోలు

ఏమండీ,

ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఉత్తరమేంటని నవ్వకండి. నోటితో మొదలుపెడితే రెండో మాటకే మీరు అడ్డొస్తారు, మూడో మాటకి నేను "సరేలెండి" అనేస్తాను. అందుకే మీ క్యారేజీ సంచిలో పెడుతున్నాను. తిన్నాకే చదవండి.

ఇన్నాళ్ళూ బరువులెత్తడంలో విదేశీ పోటీలంటే జాతీయ జట్టువాళ్ళకే. పగలు ఉద్యోగం, సాయంత్రం బరువులు అనుకునే మనలాంటివాళ్ళు టీవీ ముందు చప్పట్లు కొట్టాల్సిందే. ఈ ఏడు ఔత్సాహికుల సంఘం తలుపులు తీసింది. ఊళ్ళో జరిగే పోటీలో అర్హత బరువు ఎత్తితే చాలట. నలభై దాటినవాళ్ళకి వేరే విభాగం కూడా పెట్టారు. ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు మోసే నేను వేరే దేశం వెళ్ళి బార్ పట్టుకోబోతున్నాను! వెంట ఒక సహాయకుణ్ణి తీసుకెళ్ళవచ్చు. అది మీరేనని అందరూ అనుకుంటున్నారు, మీరూ సంచి సర్దేసుకున్నారు. కానీ నేను అత్తయ్య పేరు ఇచ్చాను.

కోపం వచ్చిందా? కాస్త రానివ్వండి. నాకు వచ్చి రెండు నెలలైంది.

ఎంపిక పోటీలో నేల మీంచి లేపే ఆఖరి డెడ్‌లిఫ్ట్‌కి నూట నలభై అని మీ చెవిలో చెప్పాను. తలూపి, ఎవరికెంత బరువో రాయించే బల్ల దగ్గరికి వెళ్ళారు. బరువెత్తే ముందు నాకేమీ వినపడదు, కనపడదు, మీకు తెలుసు. బార్ ఎంత తేలిగ్గా లేచిందో! పొంగిపోయి అక్కడే చెల్లెలికి ఫోన్ చేశాను, "నూట నలభై లేపానే!" అని. ఆ మాట అంటూనే వెనక్కి తిరిగితే బోర్డు మీద నూట ముప్పై రెండున్నర. అవతల చెల్లెలు ఏడుస్తోంది సంతోషంతో. దానికి నిజం చెప్పలేక ఫోన్ పెట్టేశాను. అర్హత వచ్చింది కదా, ఇంకేం బాధ అంటారు. నా మాట మీ చెవిలోంచి బల్ల దాకా వెళ్ళేలోపు మారిపోయింది, అదీ బాధ. మీ తర్ఫీదు లేకపోతే నాకు బార్ పట్టుకోవడమే తెలియదు, కాదనను. కానీ ఈసారి మీరు నా పక్కన ఉండకండి.

మీ ఆవిడ

*

మా ఆవిడకి,

తినకముందే చదివాను. క్యారేజీ అలాగే ఉంది.

నిరుడు నీ నడుము పట్టేసినప్పుడు మూడు వారాలు నిన్ను మంచం మీంచి లేపి కూర్చోబెట్టింది నేను. రాత్రి పక్కకి తిరగడానికి కూడా నన్ను పిలిచేదానివి. ఆ రోజు బల్ల దగ్గర నిలబడితే కళ్ళముందు ఆ మంచమే కనిపించింది. చేయి దానంతట అదే తగ్గించి రాసేసింది. నీకు బలం చాలదని కాదు, నాకు ధైర్యం చాలలేదు. చెప్పకపోవడం తప్పే. చెల్లెలి సంగతి నాకు తెలియదు, తెలిసుంటే ఆ రోజే నీ కాళ్ళ మీద పడేవాణ్ణి.

అమ్మని తీసుకెళ్ళు. ఆవిడకి బార్‌కీ బట్టలారేసే కర్రకీ తేడా తెలియదు, అయినా తీసుకెళ్ళు. మా టైర్ల షాపులో అందరికీ నేనే వస్తున్నానని చెప్పుకున్నాను. రేపు ఏదో ఒకటి చెప్పుకుంటాలే.

మీ ఆయన

*

ఏమండీ,

పోటీ నిన్న అయిపోయింది. అత్తయ్య ఇంకా పడుకునే ఉన్నారు, హోటల్ కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మీ అమ్మగారు ఇక్కడ ఆరిందాలా తిరిగారు. నా నడుం బెల్టు బిగిస్తూ "ఊపిరి లోపలికి పీల్చు" అని నాతో పాటు పక్కనున్న ఏ దేశం ఆవిడకో కూడా చెప్పారు. ఆవిడ నిజంగానే పీల్చింది. మా అందరివీ ఒకే రకం బతుకులు: ఒకామె బస్సు నడుపుతుందట, ఒకామె బడిలో చెబుతుందట.

రెండో డెడ్‌లిఫ్ట్‌కి నూట ముప్పై రెండున్నర లేపాను. మూడోదానికి నూట నలభై అని అత్తయ్యకి వేళ్ళతో సహా చూపించి పంపాను. ఈసారి మాత్రం బోర్డు వైపు చూశాను. నూట యాభై!

"ఇదేంటత్తయ్యా?"

"వాడు తగ్గించాడని ఏడ్చావుగా, అందుకే నేను పెంచాను. నువ్వు లేపగలవమ్మాయ్, నాకు తెలుసు."

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని. తల్లీకొడుకుల్లో ఒకరికి నా గురించి భయం, ఒకరికి నా మీద నమ్మకం, నా మాట వినేవాళ్ళు మాత్రం లేరు. కోపం, నవ్వు కలిసి వచ్చాయి. మన పేరు పిలిచేలోపు ఆఖరి బరువు మార్చుకోవచ్చు కదా, బెల్టు వేలాడుతుండగానే బల్ల దగ్గరికి పరుగెత్తాను. "నేను రాయవచ్చా?" అని సైగ చేస్తే అక్కడి అమ్మాయి వింతగా చూసి కలం నా చేతికిచ్చింది. ఎత్తేవాళ్ళే వచ్చి రాయవచ్చట, ఎప్పుడూ రాయవచ్చట! ఇన్నేళ్ళలో నన్ను ఆపినవాళ్ళెవరూ లేరండీ. నేనే అడగలేదు. నూట నలభై అని రాశాను.

లేవలేదు. మోకాళ్ళు దాటి, అక్కడ ఆగిపోయింది. దించేశాను. లేవలేదని తీర్పరుల మూడు ఎర్ర దీపాలూ వెలిగాయి. పదకొండు మందిలో ఏడోదాన్ని. ఏడుస్తానేమో అని అత్తయ్య తువ్వాలు పట్టుకుని వచ్చారు. నేను ఏడవలేదు. బయటికి వచ్చి చెల్లెలికి ఫోన్ చేసి ఆ రోజు సంగతి, ఈ రోజు సంగతి రెండూ చెప్పేశాను. అత్తయ్య మాత్రం దారంతా "నూట యాభై అయితే లేచేది" అని ఒకటే సణుగుడు.

ఇంకొకటి. బెంచ్ మీద పడుకున్నప్పుడు స్టాండు నుంచి బార్ అందించడానికి ఇక్కడివాళ్ళని పెట్టారు. వాళ్ళలో ఒకడు విసురుగా ఇచ్చాడు, భుజం అదిరింది. మీరైతే బార్ నా చేతుల్లో నిలిచేదాకా వదలరు. అప్పుడు మీరు గుర్తొచ్చారు, బాగా గుర్తొచ్చారు. వచ్చే ఏడు ఇలాంటి పోటీలు ఇంకో రెండు చోట్ల పెడుతున్నారట. మీ షాపులో ఇప్పుడే సెలవు అడిగి పెట్టుకోండి. బార్ మీరు అందించండి, బల్ల దగ్గరికి నేను వెళ్తాను.

మీ ఆవిడ